త్రాసు పట్టుకున్న చరిత్రకారుడు: దామోదర్ ధర్మానంద్ కోశాంబీ



కోశాంబీ స్మారకోపన్యాసం ఆయన పుస్తకాల దగ్గర మొదలుకావడం మామూలు. నన్ను మాత్రం రూపాయి బిళ్ళల దగ్గర మొదలుపెట్టనివ్వండి.

1940 ప్రాంతంలో పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో లెక్కలు చెప్పే ఈ అధ్యాపకుడు బజారులో చెలామణీ అవుతున్న బిళ్ళలను కుప్పలుగా తెచ్చుకునేవారు. ఒక్కొక్కటీ త్రాసులో వేసి, అచ్చయిన సంవత్సరం పక్కన దాని బరువు రాసుకునేవారు. అలా వేలాది బిళ్ళలు తూచారు. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుందని అందరికీ తెలుసు. ఆయన పట్టుకున్నది అంతకంటే లోతైనది. ఒకే ఏడాది టంకశాల నుంచి వచ్చిన బిళ్ళలన్నీ ఒకేలా అరగవు. ఒకటి పెట్టె అడుగున పడి ఉంటుంది, ఇంకొకటి సంతలో రోజంతా తిరుగుతుంది. అందుకని ఏళ్ళు గడిచేకొద్దీ సగటు బరువు తగ్గుతుంది, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య తేడా పెరుగుతుంది. బరువు చూసి ఒక్క బిళ్ళ వయసు చెప్పలేం. గుంపు వయసు చెప్పగలం.

ఈ సూత్రంతో ఆయన తక్షశిలలో దొరికిన వెండి విద్ధాంక నాణేల దగ్గరికి వెళ్ళారు. వాటి మీద రాజు పేరు ఉండదు, తేదీ ఉండదు. సూర్యుడు, కొండ, ఏనుగు లాంటి గుర్తులుంటాయి, అంతే. బరువు సుమారు మూడున్నర గ్రాములు. వెనకవైపు చిన్న ముద్రలు ఎక్కువైనకొద్దీ నాణెం బరువు తగ్గుతూ వచ్చిందని ఆయన లెక్క తేల్చింది. అంటే ఆ ముద్రలు ఒక్కసారి పడ్డవి కావు. నాణెం తిరుగుతున్న కాలంలో వర్తకులు అప్పుడప్పుడూ పరీక్షించి వేసినవి. రెండు వేల ఏళ్ళకు పైగా మాట్లాడని వెండి ముక్కల్లోంచి పేరు తెలియని షరాబుల చేతులు కనిపించాయి. మన అమరావతిలోనూ ఇలాంటి నాణేలే వేల సంఖ్యలో దొరికాయి. వాటి గురించి చదివినప్పుడల్లా నాకు పుణెలోని ఆ త్రాసే కళ్ళ ముందు ఆడుతుంది.

కోశాంబీ చరిత్రదృష్టి అంతా ఆ త్రాసు దగ్గరే పుట్టిందని నా నమ్మకం. రాజుల వరుస కంటే, ఆ రోజుల్లో జనం నాగలి పట్టారా లేదా, పడితే అది తేలిక నాగలా బరువు నాగలా అన్నదే ముఖ్యమని ఆయన తర్వాత రాశారు. అది మార్క్స్ దగ్గర నేర్చినదని అందరూ అంటారు. నిజమే, తన మార్క్సిజాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. కానీ ఆ చదువు అందేది గణాంకాలతో కుదిరిన మనసుకు. ఒక్కదాన్ని నమ్మకు, సమూహాన్ని చూడు అని ఆ మనసుకు ముందే తెలుసు.

ఆయన 1907 జూలై 31న గోవాలోని కోస్బెన్‌లో పుట్టారు. తండ్రి ధర్మానంద్ కోశాంబీ బౌద్ధాన్ని వెతుక్కుంటూ ఇల్లు విడిచి నేపాల్, సింహళం, బర్మా తిరిగిన పాళీ పండితుడు. తండ్రి వెంట అమెరికా వెళ్ళిన కుర్రవాడు 1929లో హార్వర్డ్ పట్టా పుచ్చుకుని వచ్చి కాశీలో, ఆలీగఢ్‌లో, ఆపైన పుణెలో పాఠాలు చెప్పాడు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మొదటి రోజుల్లోనే చేరి 1962 దాకా పనిచేశారు. పుణె నుంచి బొంబాయికి దక్కన్ క్వీన్ రైల్లో వెళ్ళివస్తుండేవారు. క్రోమోజోము మీద జన్యువుల మధ్య దూరాన్ని అంచనా వేయడానికి 1940లలో ఆయన ఇచ్చిన సూత్రాన్ని జన్యుశాస్త్రజ్ఞులు నేటికీ ఆయన పేరుతోనే వాడుతున్నారు.

లెక్కల మనిషి సంస్కృతంలోకి ఎలా వచ్చాడు? ఆ దారి ఆయనే చెప్పుకున్నారు. నాణేలు తూచాక, వాటిని వేయించింది ఎవరన్న ప్రశ్న వచ్చింది. జవాబు కోసం పాత గ్రంథాలు చూడాలి, వాటికి సంస్కృతం కావాలి. నేర్చుకోవడానికి ఆయన ఎంచుకున్నది భర్తృహరి. చిన్నప్పుడు ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యాలు వల్లెవేసిన మనకు భర్తృహరి ఇంటి మనిషి. అయితే ఏ శ్లోకాలు నిజంగా భర్తృహరివి? ఇక్కడా కోశాంబీ చేసింది తూకమే. దేశం నలుమూలల నుంచి వందల రాతప్రతులు సేకరించి, ఏ శ్లోకం ఎన్నింటిలో ఉందో, ఏ శాఖలో ఉందో లెక్క కట్టి, ఇంచుమించు అన్నింటిలోనూ కనిపించే రెండు వందల శ్లోకాలను విడదీశారు. ఆ పరిష్కరణ 1948లో వెలువడింది. నాణేలు అరిగినట్టే శ్లోకాలు చేతులు మారతాయి, పెరుగుతాయి. పద్ధతి ఒక్కటే.

ఆ తర్వాత గ్రంథాలు కూడా చాలలేదు. పుణె చుట్టుపక్కల కొండలెక్కారు. సూక్ష్మశిలాయుధాలు ఏరారు, దారుల వెంట నడిచారు, పశువుల కాపరులతో మాట్లాడారు. కార్లే గుహల్లో బౌద్ధ చైత్యం ముందే ఎక్వీరాదేవి గుడి ఉంది. బొంబాయి కోలీలు ఇప్పటికీ ఆమెకు మొక్కుకుంటారు. ఇలాంటి సిందూరం పూసిన రాళ్ళు ఊరికి దూరంగా, దారులు కలిసేచోట ఎందుకు ఉంటాయని ఆయన అడిగారు. ఊళ్ళు కట్టకముందు మందలు తోలుకుంటూ తిరిగిన జనం కలుసుకున్న చోట్లవి. వర్తకులూ భిక్షువులూ తర్వాత ఆ బాటలే పట్టారు అన్నది ఆయన జవాబు. 1962లో వచ్చిన ‘మిత్ అండ్ రియాలిటీ’లో ఈ వ్యాసాలున్నాయి. నాకు ఆయన పుస్తకాలన్నింటిలోనూ ప్రాణం ఇదే. ఊరి పొలిమేరలో పోలేరమ్మను, ఎల్లమ్మను చూస్తూ పెరిగిన మనకు ఇది దూరపు సంగతి కాదు. అమ్మవారిని సాగనంపే బోనమూ, దాటకూడదన్న పొలిమేర గట్టూ ఆయన చేతిలో పడితే ఆధారాలయ్యేవి.

1956లో ‘యాన్ ఇంట్రడక్షన్ టు ద స్టడీ ఆఫ్ ఇండియన్ హిస్టరీ’, 1965లో సామాన్య పాఠకుల కోసం ప్రాచీన భారత సంస్కృతి, నాగరికతల మీద చిన్న పుస్తకం వచ్చాయి. రెండోదాన్ని చేతిలోకి తీసుకుంటే పాఠకుడి తెలివి మీద ఆయనకున్న గౌరవం తెలుస్తుంది. సులభం చేస్తున్నానని చెప్పి ఏ వాదాన్నీ పలచన చేయలేదు.

పొరపాట్లు లేవా? ఉన్నాయి. నాణేల గుర్తులను ఫలానా రాజులవని ఆయన చెప్పినవాటిలో చాలావాటిని తర్వాతి పండితులు అంగీకరించలేదు. 1959లో, గణితంలో ఇంకా తేలని రీమాన్ పరికల్పనకు నిరూపణ దొరికిందని ఒక వ్యవసాయ గణాంక పత్రికలో ప్రకటించారు. అది నిలవలేదు, గణితలోకంలో ఆయన పేరుకు పెద్ద దెబ్బ తగిలింది. ఈ సంగతి దాచి ఆయనను పొగడటం నాకిష్టం లేదు. తొందర ఆయన స్వభావం. ఆ తొందరే ఆయనను ఒక శాస్త్రం గట్టు దూకించి ఇంకొక శాస్త్రంలో దించింది. అణుశక్తి మోజు ఊపందుకున్న 1950లలోనే ఈ దేశానికి ఎండ శక్తి కావాలని వాదించడమూ ఆ తొందరలోదే.

1966 జూన్ 29న పుణెలో, యాభై తొమ్మిదో ఏడు నిండడానికి నెల రోజుల ముందు, కన్నుమూశారు.

తెలుగులో ఆయనను మనకు దగ్గర చేసిన మనిషీ గణితజ్ఞుడే. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ 1980లలో కోశాంబీ చరిత్ర రచనను పరిచయం చేస్తూ పుస్తకం రాశారు. నాలాంటివాళ్ళు చాలామంది ఆ పుస్తకం చేతపట్టుకునే మొదటిసారి తమ ఊరి పొలిమేర రాయి దాకా నడిచి వెళ్ళారు.