పదవ తరగతి తరువాత చదువు: ఎన్నుకొనుట యెట్లు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయపు సేవను గూర్చి పెద్దలు ఇంతకుముందే చెప్పియున్నారు. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొని జీవించువాడను. 1984లో కరణీకములు రద్దయినప్పుడు మా తండ్రిగారి ఉద్యోగము పోయినది గాని, లెక్కలు వ్రాయు అలవాటు మా యింట పోలేదు. నాకు వచ్చిన నాలుగు సంస్కృత శబ్దములును, భారత భాగవతముల పరిచయమును ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి సంపాదించుకొన్నవే. ఆ ఋణము కొంతయైన తీర్చుకొనవలెనని, ప్రతి వేసవియందును మన యిండ్లలో కలవరము పుట్టించు నొక విషయమును మీ ముందు పెట్టుచున్నాను. సత్యదేవుని కల్యాణము నాటికి కొండమీద బాజాలు మ్రోగుచుండును. కొండ క్రింద ప్రతి యింటను ఒకటే చర్చ: పదవ తరగతి ముగిసిన బిడ్డను ఏ చదువులో చేర్పింపవలెను?

ఈ యెన్నిక నేడు పుట్టినది కాదు. మా తండ్రుల కాలమున ఉన్నత పాఠశాలలోనే జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అని రెండు త్రోవలుండెడివి. పదునాలుగేండ్ల బాలుడు వానిలో నొకటి పట్టుకొనవలసి వచ్చెడిది. 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియెట్ చదువు మన రాష్ట్రమున ప్రవేశపెట్టబడినది. 1971లో దానికొక ప్రత్యేక విద్యామండలి యేర్పడినది. అప్పటినుండి మన బిడ్డల పెద్ద యెన్నిక పదవ తరగతి తరువాతికి జరిగినది. వయస్సు ఒక సంవత్సరమో రెండో పెరిగినది గాని, మన ఆలోచన మాత్రము పెరుగలేదని నా యనుమానము.

పరుల తప్పులు చెప్పుట సులభము. కావున నా తప్పే చెప్పెదను. పదేండ్ల క్రిందట నా పెద్ద కుమారుడు పదవ తరగతి ఉత్తీర్ణుడైనాడు. ఒకనాటి సాయంకాలము వాడు మెల్లగా, “నాన్నగారండీ, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానండీ” అన్నాడు. “నువ్వు ఇంజనీరు కావలసినవాడివి, తీగలు బిగించుకుంటానంటావేమిరా?” అని నేను కసరితిని. మా దాయాదుల పిల్లవాడు దూరపు పట్టణమున ఒక పేరుపొందిన కళాశాలలో ఎం.పి.సి. చదువుచుండెను. మా వాడు వానికి తీసిపోరాదని, పొలము తాకట్టుపెట్టి నేనును అట్టి కళాశాలలోనే, వసతిగృహమున చేర్పించితిని. వాడు మారు పలుకలేదు. మారు పలుకకపోవుటను నేను అంగీకారమనుకొంటిని.

మొదటి సంవత్సరము రెండు పరీక్షలు తప్పినవి. రెండవ యేడు సగములో వాడు పెట్టె పట్టుకొని యింటికి వచ్చివేసినాడు. కొన్ని నెలలపాటు ఆ యింట తండ్రీ కొడుకులకు మాటలు లేవు.

ఆ సంవత్సరమే మన గ్రంథాలయపు లెక్కలు తనిఖీ చేయు పని నాకు అప్పగించిరి. పుస్తకములిచ్చు రిజిస్టరు తిరుగవేయుచుండగా ఒకచోట నా వ్రేలు ఆగిపోయినది. విద్యుచ్ఛక్తిని గూర్చిన ఒక చిన్న తెలుగు పుస్తకమును నా కుమారుడు తొమ్మిది, పది తరగతులలో నాలుగు పర్యాయములు తీసికొనిపోయినాడు. నాలుగు తేదీలు, నాలుగు సంతకములు. ఊరివారి లెక్కలన్నియు చూచువాడను, నా బిడ్డ లెక్క చూడలేకపోతిని. ఆ మరుసటి యేడు వాడు పాలిటెక్నిక్‌లో చేరినాడు. నేడు విద్యుత్ పరికరముల పనిలో చక్కగా కుదురుకొన్నాడు. కాని వాని రెండు సంవత్సరములు నా పేర అప్పుగా నిలిచియే యున్నవి.

మా లెక్కలలో అడంగలు అను పుస్తకమొకటి కలదు. అందులో చేనిలో నిలిచియున్న పైరును వ్రాయుదుము గాని, రైతు కోరుకొన్న పైరును వ్రాయము. బిడ్డల చదువు విషయమున మనము తద్విరుద్ధముగా చేయుచున్నాము. నేను నేడు చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే.

ఇక త్రోవలను గూర్చి కొంత చెప్పెదను. ఏ త్రోవ యేయే ద్వారములను తెరచునో, ఏవి మూయునో తెలియకయే చాలమంది దరఖాస్తుపై సంతకము చేయుచున్నారు. ఇంజనీరింగునకు సాధారణముగా గణితము చదివి యుండవలెను. వైద్యమునకు నీట్ పరీక్ష వ్రాయవలెనన్న జీవశాస్త్రము చదివి యుండవలెను. వ్యవసాయ పట్టభద్రత కోరువారికి సాధారణముగా బై.పి.సి. త్రోవ. ఫార్మసీకి ఎం.పి.సి., బై.పి.సి. రెండింటివారును పోవచ్చును. న్యాయశాస్త్రమునకు ఏ గ్రూపైనను సరియే. సి.ఇ.సి. అనగా తక్కువ చదువని మన ఊళ్లలో నొక అపోహ యున్నది. చార్టర్డ్ అకౌంటెన్సీవంటి కఠినమైన విద్యకు పునాది వాణిజ్యశాస్త్రమే. గణితమా, జీవశాస్త్రమా యని తేల్చుకొనలేనివారికి ఆ రెండింటిని కలిపి చదువు ఏర్పాటు కూడ 2025-26 నుండి మన రాష్ట్రమున వచ్చినది. అయితే భారము రెండింతలగునని మరువరాదు.

ఇంటర్మీడియెట్టు కానిది చదువే కాదనుటయు పొరపాటు. పాలిసెట్ వ్రాసినవారికి మూడేండ్ల డిప్లమా యున్నది. దానిని ముగించి ఈసెట్ పరీక్షలో నెగ్గినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. నేను నా కుమారునికి మూసివేసితిననుకొన్న ద్వారము నిజమునకు ఆ ప్రక్కగా తెరచియే యున్నది, నాకు తెలియలేదు. పదవ తరగతితోనే ఆరేండ్ల చదువులో చేర్చుకొను సాంకేతిక విద్యాలయములు నూజివీడులోను, ఇడుపులపాయలోను 2008లో ఆరంభమైనవి.

ఆడపిల్లల సంగతి మరియొకటి. మగపిల్లవానికి గ్రూపు చూచి కళాశాల వెదకుదుము. ఆడపిల్లకు దగ్గరి కళాశాల చూచి అందులో ఏ గ్రూపున్న దానితో సరిపెట్టుదుము. బస్సు ఛార్జీకి వెనుదీసి బిడ్డ బుద్ధికి బేరము పెట్టుట న్యాయమేనా?

భాష విషయమున కూడ నా యింటనే నాకొక పాఠము దొరకినది. మార్కులు ధారాళముగా పడునని పిల్లలు ద్వితీయభాషగా సంస్కృతము తీసికొనుట చాలకాలముగా వాడుకయైనది. మా అమ్మాయియు అట్లే తీసికొన్నది. నూటికి తొంబదికి పైగా తెచ్చుకొన్నది. నేను సంతోషించి ఒక శ్లోకము ముందుంచి చదువుమన్నాను. అది నవ్వి, “మార్కులు వచ్చేశాయి కదా నాన్నగారూ, ఇప్పుడు శ్లోకమెందుకండీ?” అన్నది. జవాబులన్నియు తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసినదట! రాత్రివేళల ఈ గ్రంథాలయ దీపము క్రింద శబ్దమంజరి వల్లెవేసిన నాకు ఆ మార్కులు చూచి ఏడ్పు వచ్చినది. సంస్కృతము వలదని నేననను. నేర్చుకొనుటకైనచో తప్పక తీసికొనుడు. మార్కులకే యైనచో మన తెలుగును విడిచి, సంస్కృతమును పొందక, రెంటికి చెడుట యెందులకు?

భారతమున ద్రోణాచార్యుడు రాకుమారులందరికి ఒకే శాలలో విద్య చెప్పినాడు. అయినను భీమ దుర్యోధనులు గదయందు, అర్జునుడు వింటియందు, నకుల సహదేవులు ఖడ్గమునందు, ధర్మరాజు రథయుద్ధమునందు మేటులైరి. భీముని చేత గద లాగికొని విల్లు పట్టించినచో ఒక మంచి గదాయోధుడు పోయి ఒక చెడ్డ విలుకాడు మిగిలియుండును.

తప్పినవారికి కూడ ఒక మాట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌లో రెండు మారులు తప్పి, మూడవ మారు నెగ్గిరి. తరువాత అమెరికాలో వైద్యపరిశోధన చేసి లోకమునకు ఉపకరించు మందులకు కారకులైరి. ఒక యేటి ఫలితము మనుష్యుని తుది లెక్క కాదు.

చివరగా కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము ఒక బల్లను పదవ తరగతి పిల్లలకు ప్రత్యేకింపుడు. అన్ని గ్రూపుల మొదటి సంవత్సరపు పాఠ్యపుస్తకములు, పాలిటెక్నిక్ వివరములు దానిపై నుంచుడు. పరీక్షలు ముగిసిన నాటినుండి నెల దినములు పిల్లలు వానిని ఇచ్చవచ్చినట్లు చదువనిండు. మొదటి ప్రకరణము చదివి ఏ పుస్తకము మూసివేసిరో, ఏ పుస్తకమునకు మరునాడు మరల వచ్చిరో రిజిస్టరులో వ్రాయుడు. ఒక ఆదివారము మన ఊరి పూర్వవిద్యార్థులను, నెగ్గినవారినే గాక తప్పి నిలద్రొక్కుకొన్నవారిని గూడ, పిలిచి మాటలాడింపుడు. ఇందుకు కావలసిన పుస్తకముల మొదటి కట్ట వెల నేనిచ్చెదను. రిజిస్టరు కూడ నేనే వ్రాసెదను.

తల్లిదండ్రులారా! దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందొకసారి వచ్చి ఆ రిజిస్టరు చూడుడు. నేను ఆలస్యముగా చూచితిని. మీరు సకాలమున చూచెదరుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.