వాయిదా పడిన ఆపరేషన్, ఆగని నొప్పి

 

2020 మార్చిలో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు, అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయమని మన కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ కూడా ఆ నెలలోనే అదే మాట చెప్పింది. పడకలు, వెంటిలేటర్లు అవసరమైన రోజులవి. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నన్ను కలచివేసేది ఆ తర్వాతి మౌనం. అరిగిన మోకీలు మార్పిడికి తేదీ ఖాయం చేసుకున్న మనిషికి వాయిదా కబురు అందింది, మళ్లీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేదు.

బ్రిటన్‌లో కొందరు ఎముకల సర్జన్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లను పలకరించారు. నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, దిగులు: ఈ ఐదింటి మీదే ప్రశ్నలు. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తుంటికీలు మార్పిడికి ఎదురుచూస్తున్నవాళ్లలో సుమారు మూడోవంతు, మోకీలు వాళ్లలో దాదాపు నాలుగోవంతు, ఆ ఐదు అంశాల కొలమానం ప్రకారం చావుకంటే హీనమైన స్థితిలో ఉన్నారు. కోవిడ్‌కు ముందున్న దానికి ఇది దాదాపు రెట్టింపు. 'ప్రాణానికేం ఢోకా లేదుగా' అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో!

ఇలా ఎదురుచూసే మనిషికి రాత్రి పక్క మీద ఒత్తిగిలితే నొప్పి. నిద్ర లేక మర్నాడు చిరాకు. కదలకపోతే తొడ కండరాలు కరిగి, కాలు ఇంకా బలహీనపడుతుంది. నొప్పి దిగులును పెంచుతుంది, దిగులు నొప్పిని పెంచుతుంది. లాక్‌డౌన్‌లో ఫిజియోథెరపీ ఆగింది, గుడికి వెళ్లడం ఆగింది, బిడ్డల రాకపోకలు ఆగాయి. నొప్పి మాత్రలతోనే నెట్టుకొద్దామంటే కడుపుకూ కిడ్నీలకూ చేటు. పైగా, కుంగిపోయిన మనసుతో టేబుల్ ఎక్కినవాళ్లకు ఆపరేషన్ తర్వాత తృప్తి కూడా తక్కువేనని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. కాబట్టి ఇది సైకియాట్రీ వాళ్లు చూసుకునే సంగతిలే అని సర్జన్లు వదిలేయడానికి వీల్లేదు.

ఈ రోజు పట్టా అందుకున్న యువ డాక్టర్లారా, వాయిదా వేయాల్సి వస్తే మీరే ఫోన్ చేయండి. కొత్త తేదీ తెలియకపోతే తెలియదనే చెప్పి, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పి, ఆ రోజున తప్పకుండా చేయండి. రెండు ప్రశ్నలు అడగండి: ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు దిగులుగా, నిరాశగా ఉంటోందా? అవునంటే ఆగి, పూర్తిగా వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. 'ఇలా బతికేకంటే పోవడమే నయం' అన్న మాట వినబడితే దాన్ని ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారేయకండి. ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ పూటే సైకియాట్రిస్టుకు చూపించండి.