బస్తరులో స్త్రీ అభ్యర్థిత్వము



విశాఖ వైపునుండి అరకులోయ మీదుగా కొండలెక్కి కిరందులునకు పోవు రైలుమార్గము బైలదిలా ఇనుపగనుల కొఱకు వేయబడినది. ఆ గనులలో పనిచేయు తెలుగు కుటుంబములు నివసించు ఆ ప్రాంతము దంతెవాడ శాసనసభా నియోజకవర్గములోనిది. అచ్చట 2019 సెప్టెంబరులో ఒక ఉపయెన్నిక జరిగినది. రెండు ప్రధానపక్షములును స్త్రీలనే నిలిపినవి. కాంగ్రెసు అభ్యర్థిని శ్రీమతి దేవతీ కర్మ. భారతీయ జనతా పార్టీ అభ్యర్థిని శ్రీమతి ఓజస్వీ మండావి. ఇద్దరును భర్తలను కోల్పోయినవారే. మహేంద్ర కర్మ 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టుల దాడిలో హతుడయ్యెను. శాసనసభ్యుడు భీమా మండావి 2019 ఏప్రిల్ 9న వారి మందుపాతరకు బలి యయ్యెను. ఖాళీయైనది ఆయన స్థానమే.

దంతేశ్వరీదేవి వెలసిన చోట స్త్రీకి లభించిన గౌరవ మిదియని సంతసింపవచ్చును. కాని ఆ భర్తలు జీవించియున్నచో ఆ రెండు పేర్లును అభ్యర్థుల పట్టిక కెక్కెడివా?

ఈ పద్ధతి క్రొత్తది కాదు. బస్తరు రాజవంశము ఓరుగల్లు కాకతీయుల శాఖ యని, అన్నమదేవుడు మూలపురుషుడని ప్రతీతి. ఓరుగంటిలో గణపతిదేవునకు పుత్రులు లేనందున రుద్రమదేవి సింహాసన మెక్కినది. ఆ మహారాణి సయితము శాసనములలో రుద్రదేవ మహారాజుగానే పేర్కొనబడినది! బస్తరులో 1921లో రుద్రప్రతాపదేవుడు మగసంతు లేక గతింపగా, కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి పిన్నవయస్సుననే రాణి యయ్యెను. ఆమె 1936లో లండనులో మరణించినది. పిదప బాలుడైన కుమారుడు ప్రవీరచంద్రుడు గద్దె నెక్కెను. మగవారు లేనప్పుడే స్త్రీకి పిలుపు వచ్చుట నాటి రాచరికములోను కలదు, నేటి ఎన్నికలలోను కలదు.

అయినను శ్రీమతి దేవతీ కర్మను వైధవ్యమే గెలిపించినదనుట న్యాయము కాదు. ఆమె 2013లో గెలిచిరి. 2018లో ఆ భీమా మండావి చేతిలోనే ఓడిరి. 2019లో పదునొకండువేలకు పైగా ఆధిక్యముతో మరల గెలిచిరి. తలుపు తెఱచినది భర్త మరణమే కావచ్చును. ఓటమి తరువాత మరల నిలిచినది మాత్రము ఆమెయే.

భానుప్రతాపపురమున 2022లో శాసనసభ్యుడు మనోజ్ మండావి మరణింపగా ఆయన భార్య శ్రీమతి సావిత్రీ మండావి ప్రభుత్వోపాధ్యాయ పదవికి రాజీనామా చేసి నిలిచి గెలిచిరి. కొలువును వదలి ఓటరుల తీర్పునకు నిలుచుట యెంత సాహసమో ఉద్యోగి కుటుంబములకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పంచాయతీలలో స్థితి వేఱు. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణము మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించినది. ఛత్తీస్‌గఢ్ 2008లో దానిని సగమునకు పెంచినది. అచ్చట స్త్రీ నిలుచుటకు ఎవరును మరణింపనక్కఱలేదు. కాని భర్తలు ఊరకుందురా? 2025 మార్చిలో అదే రాష్ట్రమున కబీర్‌ధామ్ జిల్లాలోని ఒక గ్రామములో ఎన్నికైన ఆరుగురు స్త్రీలకు మారుగా వారి భర్తలే ప్రమాణము చేసిరి! పంచాయతీ కార్యదర్శి సస్పెండగుటతో ఆ ముచ్చట ముగిసినది.

బస్తరు లోక్‌సభ స్థానమునుండి 1952 మొదలు 2024 వరకు ఒక్క స్త్రీయును ఎన్నిక కాలేదు. బస్తరు విభాగపు 12 శాసనసభా స్థానములలో 2023లో గెలిచిన స్త్రీలు ఇద్దరే: శ్రీమతి సావిత్రీ మండావియు, కొండగాఁవ్ నుండి లతా ఉసెండీయును. ఈ రెండవ యామె భర్త ఖాళీచేసిన స్థానమునకు వచ్చినవారు కారు. 2003, 2008 ఎన్నికలలో గెలిచి, మంత్రిపదవి నిర్వహించి, 2013లోను 2018లోను ఓడిరి. రెండుమార్లు ఓడిన పురుషునకు పక్షములు మూడవమారు టిక్కెట్టు నిచ్చుట వింతకాదు. 2023లో ఆ టిక్కెట్టు ఈమెకు దొరకినది.