ఖాళీ పెట్రోల్ ట్యాంకే కదా అనుకోకండి! – నాన్న అంబాసిడర్, ఎపిసోడ్ 6

భావనపాడు నుంచి మన అంబాసిడర్ సిరీస్‌లో ఇది ఆరో ఎపిసోడ్. ఈ రోజు ఇంజిన్ లేదు, పెయింట్ లేదు. ఒక్క పెట్రోల్ ట్యాంక్ గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే దీనివల్ల నేనూ, ఒక వెల్డింగ్ కుర్రాడూ ప్రాణాల మీదకి తెచ్చుకునేవాళ్లం.

కొత్తగా చూస్తున్నవాళ్లకి చెప్తా. ఇది మా నాన్న టెక్కలి, పలాస మధ్య కిరాయికి తిప్పిన పెట్రోల్ బండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్టు పడి షెడ్డు కూలింది. అప్పట్నుంచి బండి కదల్లేదు. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. అందుకే ఉన్న ట్యాంక్‌నే కాపాడుకుందాం అనుకున్నా.

డిక్కీ కింద నుంచి ట్యాంక్ దింపి, పాత పెట్రోల్ తీసేసి, రెండు వారాలు మూత తీసి బయట పెట్టాను. అడుగున సూదిమొనంత కన్నం కనిపించింది. ఆటోలో వేసుకుని వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లాను. "తమ్ముడూ, ఖాళీదే, ఒక అతుకు వేసెయ్" అన్నాను. ఆ కుర్రాడు రాడ్ తగిలించాడు. ఇంతలో పక్కనున్న ముసలి మేస్త్రి గబగబా వచ్చి స్విచ్ కట్టేశాడు. ట్యాంక్ మూతి దగ్గర వాసన చూసి, "ఏటి బాబూ ఖాళీ? ఇంకా వాసనొస్తంది కదా! బీటెక్ చదివేవు, ఇది తెలీదేటి?" అన్నాడు. అప్పుడు సిగ్గేసింది. ఇంటికొచ్చి దీని గురించి చదివాక చేతులు వణికాయి.

లాజిక్ ఏంటంటే, మండేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంక్‌లో గాలికి చోటే ఉండదు. ఖాళీ చేస్తే గాలి లోపలికొచ్చి సరిగ్గా ఆ మోతాదులో కలుస్తుంది. పైగా ఈ ఆవిరి గాలి కన్నా బరువు, మూత తీసినంత మాత్రాన పైకి పోదు. తుప్పులో, అతుకుల్లో మిగిలిన పెట్రోల్ వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది. మనం ఫైల్ డిలీట్ చేశాం అనుకుంటాం, డిస్క్‌లో మాత్రం ఉండిపోతుంది. ఇదీ అంతే. అందుకే వెల్డింగ్, గ్రైండింగ్, కటింగ్ మాటే వద్దు.

మరి నేను ఎలా క్లీన్ చేశానో చెప్తా. అంతా ఆరుబయటే. దగ్గర్లో సిగరెట్, పొయ్యి, కరెంటు మోటారు ఏదీ లేకుండా చూసుకున్నా. వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకండి. ట్యాంక్ గేజ్ ఫ్లోట్ విప్పి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లతో మూడుసార్లు కడిగాను. తర్వాత ఒక గుప్పెడు నట్లు, కాస్త నీళ్లు వేసి అటూ ఇటూ ఊపితే పెళ్లలు రాలాయి. వేసిన నట్లు లెక్కపెట్టుకోండి, తీసేటప్పుడూ లెక్కపెట్టండి!

తుప్పుకి బాత్రూం యాసిడ్ వాడొద్దు, ఇనుముని కూడా తినేస్తుంది. నేను నిమ్మ ఉప్పు వాడాను. 20 లీటర్ల నీళ్లకి ఒక కిలో. ఒక రోజు ఉంచాను. అప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అదీ మండేదే. కాబట్టి మూత బిగించొద్దు. తర్వాత చాకలి సోడా నీళ్లు, ఆపైన మంచినీళ్లు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. మురికి పెట్రోల్ నేల మీద పారబోయకండి. ఉద్దానంలో మంచినీళ్ల విలువ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూతున్న డబ్బాలో పోసి, పేరు రాసి, సర్వీస్ సెంటర్‌లో తీసుకుంటారేమో అడగండి.

ఆ కన్నం సంగతా? పెట్రోల్‌కి తట్టుకునే ఎపాక్సీతో మూశాను. ఇంకోటి కూడా బయటపడింది. ఇన్నాళ్లూ తుప్పే దాన్ని మూసి ఉంచింది!

ఇక్కడ ఇంకో తప్పు చేశాను. కడిగిన రోజు సాయంత్రమైపోయింది, రేపు ఆరబెడదాంలే అనుకున్నా. తెల్లారేసరికి లోపలంతా నారింజ రంగు. పక్కనే సముద్రం, ఆ ఉప్పు గాలి ఊరుకుంటుందా? మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి ఎండలో పెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించి, అదే పూట పొడిగా చేశాను.

దాచడం మాత్రం మా వీధి పెద్దల దగ్గర నేర్చుకున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం 61 రోజులూ బోటు ఇంజిన్లు ఊరికే ఉంటాయి కదా. వాటిని మంచినీళ్లతో కడిగి ఆయిల్ పూసి పెడతారు. నేనూ అదే చేశాను. అర లీటర్ ఇంజిన్ ఆయిల్ పోసి, ట్యాంక్‌ని అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచేశాను. కన్నాలన్నీ మూసి, చెక్కల మీద పెట్టాను. నెలకోసారి తిప్పాలి. బిగించే ముందు కాస్త పెట్రోల్‌తో కడగాలి. పైన పెద్ద అక్షరాలతో రాశాను: "మంట పెట్టొద్దు".

బండి నడిచాక కూడా సగం ట్యాంక్‌తో నెలల తరబడి వదలకండి. ఇప్పటి ఈ20 పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, అది గాలిలోని తేమని లాక్కుంటుంది.

ఈ బండి మళ్లీ రోడ్డెక్కాలని నాన్న ఆశ. పక్క సీట్లో కూర్చోడానికి నేనూ ఉండాలి కదా! మీ షెడ్డులో పాత ట్యాంక్ ఉంటే, వెల్డింగ్‌కి తీసుకెళ్లే ముందు ఈ వీడియో ఇంట్లోవాళ్లకి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కార్బ్యురేటర్ విప్పుదాం. ఉంటా ఫ్రెండ్స్, జాగ్రత్త!