నేల ఎవరి పేరున ఉంది?



బస్తీల్లో అందరూ కలిసి కూరగాయలు పండించుకోవడం గురించి మాట్లాడమన్నారు. మొక్కలు పెంచడం మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. ఊరు విడిచి వచ్చేటప్పుడు ఆనపగింజలు కొంగున కట్టుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఉన్నారు. అందుకని నేను నేల గురించి మాట్లాడతాను.

1970లలో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరింది. పేదల పేటల్లో యజమానులు వదిలేసిన ఇళ్లు కొన్ని తగలబడ్డాయి, కొన్నిటిని కూల్చేశారు. ఆ జాగాలన్నీ చెత్తకుప్పలయ్యాయి. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు అలాంటి ఒక జాగాను శుభ్రం చేసి తోట వేశారు. 'గ్రీన్ గెరిల్లాలు' అని పేరు పెట్టుకున్నారు. కంచె దాటి పోలేని చోట్లకు విత్తనాలు, ఎరువు కలిపిన ఉండలు విసిరేవారు. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ ఆ జాగాను నెలకు ఒక్క డాలరు అద్దెకిచ్చింది. తర్వాత వందల తోటలు లేచాయి.

బ్రాంక్స్‌లో కారెన్ వాషింగ్టన్ అనే నల్లజాతి స్త్రీ ఇరుగుపొరుగుతో కలిసి 1988లో ఒక తోట మొదలుపెట్టింది. వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టు. తన దగ్గరికి వచ్చేవారి చక్కెర వ్యాధికీ, రక్తపోటుకీ వాళ్లు తినే తిండితో ఉన్న సంబంధం ఆమెకు రోజూ కనబడేది. తాజా కూరగాయలు దొరకని పేటలను అధికారులు 'ఆహార ఎడారి' అంటారు. ఆ మాట ఆమెకు నచ్చదు. 'ఆహార అపార్థైడ్' అంటుంది. అంటే ఇది జాతినీ ఆదాయాన్నీ బట్టి మనుషులు చేసిన ఏర్పాటని. వెలివాడను చూసిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

1999లో మేయర్ గిలియానీ ప్రభుత్వం వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టింది. ఇళ్లు కడతామన్నారు. ఇల్లు లేనివాళ్లనూ కూర లేనివాళ్లనూ ఎదురెదురుగా నిలబెట్టడం పాలకులకు ఎక్కడైనా అలవాటే. జనం వీధికెక్కారు, కోర్టుకెక్కారు. చివరికి రెండు సంస్థలు 42 లక్షల డాలర్లు పెట్టి ఆ తోటలను కొన్నాయి. ఒకటి నటి బెట్ మిడ్లర్ స్థాపించినది. సంతోషమే. కానీ దాత దొరికితే దక్కేదాన్ని హక్కు అనగలమా? 2000 ఫిబ్రవరిలో 'ఎస్పెరాన్సా' అనే తోట మీదికి బుల్‌డోజర్ వచ్చింది. స్పానిష్‌లో ఆ పేరుకు 'ఆశ' అని అర్థం. 2002లో కుదిరిన ఒప్పందంతోగాని కొన్ని వందల తోటలకు భద్రత రాలేదు.

ఇక మన సంగతి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం రేషను దుకాణంలో బియ్యం, గోధుమల వంటి తిండిగింజల వరకే వస్తుంది. ఆకుకూర బజారు ధరకే కొనాలి. ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నె అంచున మిగిలిందే మన వాటా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాలుగు మళ్ల తోటకూరతో ఇది పోతుందని నేను చెప్పను. వారానికి మూడు రోజులైనా పళ్లెంలో ఆకుకూర ఉంటే అది చిన్న విషయమూ కాదు.

రెండు భయాలు మాత్రం ఉన్నాయి. కూల్చిన ఇళ్ల మట్టిలో పాత రంగుల సీసం ఉంటుంది. న్యూయార్క్‌లో అందుకే వేరే మట్టి తెచ్చి ఎత్తు మళ్లు కడతారు. మురుగునీటితో మూసీ ఒడ్డున ఏం పండుతుందో హైదరాబాదు వాళ్లకు చెప్పాలా? మట్టిని పరీక్ష చేయించకుండా విత్తొద్దు. రెండోది నీళ్లు. తాగే నీళ్లకే బిందెలు మోస్తున్నాం, తోటకూ మనమే మోస్తే ఇంకో చాకిరీ నెత్తికెత్తుకున్నట్టే. మగవాళ్ల వంతు ఏమిటో మొదటి రోజే కాగితం మీద రాయించండి.

వచ్చే సమావేశానికి ఒక పని చేసుకు రండి. మీ బస్తీలో ఖాళీగా పడి ఉన్న జాగా సర్వే నంబరు, అది ఏ శాఖ పేరున ఉందో సమాచార హక్కు చట్టం కింద అడిగి ఆ జవాబు పట్టుకు రండి. విత్తనాల సంగతి ఆ తర్వాత చూద్దాం.