నొప్పి బిళ్ళయు, కొలెస్టరాలు బిళ్ళయు
(గుడివాడ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

 

విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. వైద్యవృత్తియందున్న మేము తరచుగా చూచుచున్న యొక విషయమునే యెత్తికొందుము. గుండె రక్షణకై ప్రతిదినము మ్రింగెడి స్టాటిన్ బిళ్ళను వాడువారు, ఒళ్ళు నొప్పులకు ఏ బిళ్ళ వేసికొనవలెను?

స్టాటిన్ పుట్టుక వరిపంటవారమగు మనకు వినదగినది. జపాను శాస్త్రజ్ఞుడగు అకిరా ఎండో వేలకొలది బూజులను శోధించి, 1973లో, క్యోటో నగరపు ధాన్యపుకొట్టు బియ్యమునందు దొరకిన బూజునుండి ఈ జాతి మందును మొదట తీసెను. నేడు అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అను పేర్లతో అవి మన యిండ్లకు వచ్చినవి. కాలేయములో కొలెస్టరాలు తయారగుటను తగ్గించి, గుండెపోటు, పక్షవాతముల భయమును తగ్గించుచున్నవి.

నాట్లలో వంగిన నడుములు, గట్లపై నడచిన మోకాళ్ళు వయసు మీరినకొలది నొచ్చును. గుడివాడయైనను, బందరైనను, అవనిగడ్డయైనను మందుల కొట్టులో “నొప్పి బిళ్ళ లిమ్ము” అని యడుగువారే గాని, తాము వాడు మందులను చెప్పువా రరుదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ వంటివి స్టాటిన్‌తో నేరుగా కలహించుట తక్కువయే. చిక్కు ఆ బిళ్ళ వేసికొను మనిషియందున్నది. స్టాటిన్ వాడువారిలో గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము గలవారే పెక్కుమంది. ఈ నొప్పి మందులు గుండెపోటు భయమును పెంచును. ఈ తెగలోని రోఫికాక్సిబ్ అను మందును 2004లో ఈ కారణముచేతనే విక్రయమునుండి తొలగించిరి. రక్తపుపోటు బిళ్ళలతోను, నీరు తీయు బిళ్ళలతోను కలిసినచో మూత్రపిండములు చెడవచ్చును. ఎండలో చెమటయోడ్చిన దినమున మరింత ప్రమాదము. ఆస్పిరిన్ వాడువారికి కడుపులో రక్తస్రావము కలుగవచ్చును. ఐబుప్రోఫెన్ ఆస్పిరిన్ చేయు మేలునే అడ్డగింపవచ్చును.

కావున మామూలు నొప్పికి మొదట పారాసిటమాల్ మేలు. ఆరోగ్యవంతులగు పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు మించరాదు. అనగా 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8. కాలేయవ్యాధి గలవారును, మద్యపానము చేయువారును, బక్కపలుచని వృద్ధులును ఇంకను తక్కువ వాడవలెను; ఎంతయో వైద్యుని అడుగవలెను. జలుబు బిళ్ళలందును, జంట మందులందును పారాసిటమాల్ దాగియుండును గావున, అట్ట చదివి లెక్క కట్టవలెను. మోకాలికి పైపూత మందు వాడినచో, లోనికి మ్రింగినదానికంటె రక్తములో కలయునది చాల తక్కువ.

ఇంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. స్టాటిన్ వలననే కొందరికి కండరములు నొచ్చును. మందు మొదలిడిన పిదపగాని, మోతాదు పెంచిన పిదపగాని రెండు తొడలు, రెండు భుజములు కారణము లేక నొచ్చి, క్రింద కూర్చున్నవారు లేవలేకపోయిన, దానిని నొప్పి బిళ్ళతో అణచివేయరాదు. అది శరీరము పంపిన కబురు. వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మూత్రము తేనీటి రంగుకు తిరిగినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. కండరములు కరగి మూత్రపిండములకు ముప్పు రావచ్చును. ఇది మిక్కిలి అరుదు. క్లారిత్రోమైసిన్ వంటి సూక్ష్మజీవి నాశకములును, గౌటు నొప్పికిచ్చు కాల్చిసిన్‌యును కొన్ని స్టాటిన్లతో కలిసినప్పుడు ఈ భయము హెచ్చును. అట్లని ప్రతి నొప్పికిని స్టాటిన్‌ను నిందించి మానివేయుటయు తగదు. వాడువారి నొప్పులలో పెక్కింటికి అది కారణము గాదు. వైద్యుని యడుగక మానినచో, తప్పిన గుండెపోటు తిరిగి తలుపు తట్టగలదు.

చదువుకొన్న యువజనులకు మా మనవి యొక్కటి. ఇల్లు చేరిన వెంటనే తాతగారును, నాయనమ్మగారును వాడు మందుల పేర్లన్నియు ఒక కాగితముపై పెద్దయక్షరములతో వ్రాసి వారి సంచిలో నుంచుడు. ఏ మందుల కొట్టుకు పోయినను, ఏ వైద్యుని చూచినను మొదట ఆ కాగితమును చూపుడని చెప్పుడు. ఇందులకు నిధి యక్కరలేదు, చందా యక్కరలేదు. పెద్దలయెడ ప్రేమ చాలును.