మరి ఎవరు చేసినట్టు?

(హబ్సిగూడలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కోర్టు నవలల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వకీలును కాను. అవి చదివే వ్యసనం ఉన్నవాణ్ణి, అంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పెర్రీ మేసన్ నవలలు కొనేవాణ్ణి. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ 1933లో మొదలుపెట్టిన ఆ నవలల వరస మీకూ తెలుసు. అమాయకుడి మీద హత్యానేరం పడుతుంది. చివరికి మేసన్ ప్రశ్నల ధాటికి అసలు హంతకుడు కోర్టులోనే బయటపడతాడు. యండమూరివారి 'అభిలాష'లో ఉరిశిక్ష రద్దు కావాలనే లాయరే హత్యకేసులో ఇరుక్కుంటాడు. 2021లో వచ్చిన 'నాంది' సినిమాలో ఒక కుర్రవాడు చేయని హత్యకు విచారణ ఖైదీగా ఏళ్ల తరబడి మగ్గుతాడు. ఏది తీసుకున్నా, అసలు దోషి దొరికితేగాని మన మనసు కుదుటపడదు.

చట్టం అలా అడగదు. నేరం రుజువు చేయవలసింది ప్రాసిక్యూషన్. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి కొత్తది వచ్చినా ఈ సూత్రం మారలేదు. ముద్దాయి తాను బయటపడడానికి మరొకణ్ణి పట్టి ఇవ్వనక్కరలేదు.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. అతడు దోషి కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే బహిరంగంగా చెప్పారు. 2017 మార్చి 31న హైదరాబాదులోని అప్పటి ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఆనాడు టీవీ ముందు కూర్చుని మా ఇంట్లో అందరం అన్న మాట ఒకటే: "మరి ఎవరు చేసినట్టు?"

ఆ మాట నేను అంతకు చాలా ఏళ్ల ముందే అన్నాను. మా సెక్షన్లో ఒకసారి నగదు తక్కువైంది. ఒక జూనియర్ అసిస్టెంటును సస్పెండు చేశారు. సగం జీతంతో ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఆఫీసు విచారణకు కోర్టులో కావలసినంత గట్టి రుజువు అక్కరలేదు. అయినా అభియోగం నిలవలేదు, తిరిగి చేరాడు. డబ్బు ఎవరు తీశారో మాత్రం తేలలేదు. అంచేత అతడు రిటైరయ్యేదాకా మేం అనుమానిస్తూనే ఉన్నాం. అతడు వచ్చి పక్కన నిలబడితే నేను సొరుగుకు తాళం వేసేవాణ్ణి. అతడు చూస్తూండగానే.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి తార్నాకలో బ్యాంకుకు వెళితే అక్కడ కనిపించాడు. "బాగున్నారా సార్?" అని తనే పలకరించాడు. నా మోకాళ్ల అవస్థ చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. కూర్చున్నాను. సొరుగు సంగతి నోటిదాకా వచ్చింది. ఇంతలో కౌంటరులో నా టోకెన్ నంబరు పిలిచారు.